సిస్టమ్ చీటింగ్ చేస్తోందా?

1951 అక్టోబరులో బెర్లిన్‌లో ఒక పారిశ్రామిక ప్రదర్శన జరిగింది. మొదటిరోజు హాల్లో ఓ చివర ఉచితంగా మందు పోస్తున్నా అటు వెళ్లినవాళ్లు లేరు. జనమంతా బ్రిటన్ నుంచి ఫెరాంటీ కంపెనీ పట్టుకొచ్చిన ‘నిమ్రాడ్’ అనే కంప్యూటర్ చుట్టూ మూగిపోయారు. వాళ్లను అదుపు చేయడానికి ప్రత్యేకంగా పోలీసుల్ని పిలిపించాల్సి వచ్చింది. పశ్చిమ జర్మనీ ఆర్థిక మంత్రి లుడ్విగ్ ఎర్‌హార్డ్ దాంతో వరసగా మూడు ఆటలాడి మూడూ ఓడిపోయాక ఆ మోజు ఇంకా పెరిగింది. మంత్రిగారిని ఓడించిన యంత్రం అంటే చూడాలని ఎవరికుండదు?

నిమ్రాడ్‌కు తెలిసింది ఒక్కటే ఆట, నిమ్. కుప్పలుగా పోసిన అగ్గిపుల్లలు, ఇద్దరు ఆటగాళ్లు. వంతు వచ్చినవాళ్లు ఏదో ఒక కుప్పలోంచి ఎన్నయినా తీయొచ్చు, రెండో కుప్పలో చెయ్యి పెట్టకూడదు. ఆఖరి పుల్ల తీసినవాళ్లదే గెలుపు. ఇందులో కిటుకు ఏమిటో హార్వర్డ్ గణితవేత్త చార్ల్స్ బౌటన్ 1901లోనే తేల్చేశాడు. కుప్పల్లో 3, 4, 5 పుల్లలున్నాయనుకుందాం. మూడంటే 2+1, నాలుగంటే 4, అయిదంటే 4+1. నాలుగులు జత కుదిరాయి, ఒకట్లు జత కుదిరాయి, రెండు మాత్రం ఒంటరిగా మిగిలింది. ఆ రెండు పుల్లలు తీసేసి ఎదుటివాడికి 1, 4, 5 అప్పగిస్తే ఇక ఆట చేతిలో ఉన్నట్టే. అతను ఏం తీసినా ఏదో ఒక జత చెడుతుంది, దాన్ని మళ్లీ కుదర్చడమే పని. జతలు సరిచూసుకోవడం వచ్చిన యంత్రానికి ఆలోచనతో పనిలేదు. నిమ్రాడ్‌ను ఊహించిన ఆస్ట్రేలియా ఇంజినీరు జాన్ బెనెట్ ఉద్దేశం కూడా కంప్యూటర్ లెక్క ఎలా చేస్తుందో జనానికి చూపించడమే. జనం లెక్కల్ని పట్టించుకోలేదు, ఆడి వెళ్లారు.

అంతకు పదకొండేళ్ల ముందే, 1940లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఇదే నిమ్ ఆడే యంత్రాన్ని పెట్టింది. పేరు ‘నిమట్రాన్’. బరువు టన్నుకు పైమాటే. భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కాండన్ తయారుచేసిన ఈ యంత్రం ఆ ప్రదర్శనలో సుమారు లక్ష ఆటలాడి 90 వేలు గెలిచిందని అంచనా. ఓడిన ఆటల్లోనూ చాలావరకు దాన్ని ఓడించడం సాధ్యమేనని చూపడానికి అక్కడి సిబ్బంది ఆడినవే. వీటన్నిటికంటే ముచ్చటైన విషయం ఇంకొకటుంది. నిమట్రాన్ తన ఎత్తును రెప్పపాటులో తేల్చేయగలదు. అంత వేగంగా జవాబిస్తే ఎదురుగా బుర్ర గోక్కుంటున్న మనిషి చిన్నబుచ్చుకుంటాడని కాండన్ కావాలనే కొంత ఆలస్యం పెట్టాడు. అంటే ఆలోచిస్తున్నట్టు నటించమని యంత్రానికి నేర్పాడు.

వీడియో గేముల్లో కృత్రిమ మేధ చరిత్రను 1950ల పరిశోధనశాలల నుంచి మొదలుపెట్టడం పుస్తకాల్లో ఆనవాయితీ. నిజానికి మొదలుపెట్టాల్సింది కాండన్ పెట్టిన ఆ ఆలస్యం దగ్గర. ఆ తర్వాత ఎనభై ఏళ్లలో యంత్రానికి ఆట నేర్పినవాళ్లు రెండు దారులు పట్టారు. పరిశోధకులకు గెలిచే యంత్రం కావాలి. గేములు తయారుచేసేవాళ్లకు కావాల్సింది గట్టి పోటీ ఇచ్చి, చివర్లో ఒప్పుగా ఓడిపోయే యంత్రం. రెండో పనే కష్టమని చరిత్ర చెబుతోంది. పేరు మాత్రం మొదటిదానికే దక్కింది.

1978లో జపాన్‌లో తైతో కంపెనీ ‘స్పేస్ ఇన్వేడర్స్’ విడుదల చేసింది. తయారుచేసినవాడు తొమొహిరో నిషికాడో. పైనుంచి వరసలుగా దిగే గ్రహాంతరవాసుల్ని కింద నుంచి కాల్చాలి. వాళ్లు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది, ఆఖరివాడు పిచ్చెక్కినట్టు పరుగెడతాడు. తమవాళ్లు చచ్చిపోతుంటే తెగించి వస్తున్నారని ఆడేవాళ్లకు అనిపిస్తుంది. అసలు సంగతి అది కాదు. అప్పటి ప్రాసెసర్‌కు తెరమీద అంతమందిని ఒకేసారి కదిలించే శక్తి లేదు. బొమ్మలు తగ్గితే దానికి పని తగ్గి, ఉన్నవి చకచకా కదిలేవి. నిషికాడో ఆ లోపాన్ని సరిదిద్దకుండా అలాగే ఉంచేశాడు. ఆటకు ప్రాణం పోసింది అదే.

రెండేళ్లకు నామ్కో కంపెనీలో తొరు ఇవతాని బృందం ‘ప్యాక్‌మ్యాన్’ తెచ్చింది. ఇక్కడ శత్రువులు నాలుగు దయ్యాలు. నలుగురూ ఒకేలా వెంటపడితే క్షణాల్లో ఆట ముగుస్తుంది, పైగా విసుగు. అందుకని ఒక్కోదానికి ఒక్కో బుద్ధి పెట్టారు. ఎర్రది నేరుగా ప్యాక్‌మ్యాన్ ఉన్న గడికే వస్తుంది. గులాబీది అతను వెళ్తున్న దిక్కులో నాలుగు గళ్లు ముందుకు గురిపెట్టి దారి కాస్తుంది. నీలందానికి ఎర్రది ఎక్కడుందన్నదాన్ని బట్టి గమ్యం మారుతుంది కాబట్టి దాని పోకడ ఎవరికీ అంతుపట్టదు. నారింజది మీదికి దూకినట్టే వచ్చి, ఎనిమిది గళ్ల దగ్గరికి చేరేసరికి తన మూలకు జారుకుంటుంది. ఇంకో ఏర్పాటు కూడా ఉంది. మొదటి దశలో దయ్యాలు ఏడు సెకన్లపాటు నాలుగు మూలలకూ చెదిరిపోతాయి, తర్వాత ఇరవై సెకన్లు వెంటపడతాయి, మళ్లీ ఏడు సెకన్లు విరామం. ఆడేవాడు ఊపిరి పీల్చుకోవడానికి దయ్యాలు సెలవు తీసుకుంటాయన్నమాట. నలభై అయిదేళ్లు దాటినా ఇంత తక్కువ సరంజామాతో ఇంత వ్యక్తిత్వం చూపించిన శత్రువులు గేముల్లో అరుదు.

మన ఊళ్లకు ఈ యంత్రాలు కొంచెం ఆలస్యంగా, దొంగదారిన వచ్చాయి. నింటెండో కంపెనీ 1983లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన ఫ్యామికామ్ కన్సోల్‌కు నకళ్లు 1990లలో మన బజార్లను ముంచెత్తాయి. ఇంట్లో అందరూ దాన్ని ‘టీవీ వీడియో గేమ్’ అనేవారు. క్యాసెట్ మీద 99999 ఆటలని రాసి ఉండేది, లోపల చూస్తే మారియో, కాంట్రా, బాతుల్ని కాల్చే ఆట, వాటికే మళ్లీ మళ్లీ వేరే అంకెలు. పని చేయకపోతే క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టడం ఆ తరం పిల్లలందరికీ వచ్చిన వైద్యం. తర్వాత నెట్ సెంటర్లు, గంటకింత అని అద్దెకిచ్చే గేమ్ పార్లర్లు. 2006 చివర్లో వచ్చిన ఈఏ కంపెనీ ‘క్రికెట్ 07’ దగ్గరే చాలామంది మొదటిసారి గట్టిగా అన్న మాట: సిస్టమ్ చీటింగ్ చేస్తోంది.

చేస్తుందా? కొన్నిసార్లు చేస్తుంది, అందులో దాపరికం కూడా లేదు. 1992 నాటి ‘సూపర్ మారియో కార్ట్’ నుంచి కార్ల పందేల్లో ఒక పద్ధతి స్థిరపడింది. ఆడేవాడు బాగా ముందుకెళ్లిపోతే కంప్యూటర్ కార్లకు ఉన్నట్టుండి వేగం వస్తుంది, వెనకబడితే అవే నెమ్మదిస్తాయి. పందెం చివరిదాకా పట్టుగా ఉండటానికి చేసిన ఏర్పాటిది. ఓడినవాడికి మాత్రం అది మోసంలాగే కనిపిస్తుంది.

మరి నిజాయతీగా ఆడితే జనం ఒప్పుకుంటారా అంటే అదీ లేదు. ‘సివిలైజేషన్’ ఆటల సృష్టికర్త సిడ్ మీయర్ 2010లో గేమ్ డెవలపర్ల సదస్సులో ఒక అనుభవం చెప్పాడు. యుద్ధానికి ముందు గెలుపు, ఓటముల అవకాశం 3:1 అని తెరమీద చూపిస్తే, ఆడేవాళ్లు తాము తప్పక గెలుస్తామనే లెక్క వేసుకుంటున్నారు. నాలుగింట ఒకసారి ఓడటం గణితం ప్రకారం న్యాయమే అయినా అన్యాయం జరిగిందని మండిపడుతున్నారు. అదే అంకెలు తిరగబడి, ఓడాల్సిన యుద్ధం అదృష్టం కొద్దీ గెలిస్తే మాత్రం ఫిర్యాదు లేదు. చివరికి మీయర్ బృందం లెక్కల్నే ఆడేవాళ్ల వైపు కాస్త వంచింది. సిస్టమ్ చీటింగ్ చేసిన మాట నిజమే, మన కోసం.

తెలివి విషయంలోనూ జనాభిప్రాయం ఇలాగే తప్పటడుగులు వేస్తుంది. 2001లో ఎక్స్‌బాక్స్‌తో పాటు వచ్చిన ‘హేలో’ను తయారుచేసిన బంగీ సంస్థ వాళ్లు ఒక ప్రయోగం చేశారు. ఆట తయారీలో ఉండగా శత్రువుల బుద్ధిని ముట్టుకోకుండా, తొందరగా చావకుండా వాళ్ల ఆయుష్షు మాత్రం పెంచారు. ఆడి చూసినవాళ్లు శత్రువులు బాగా తెలివైనవాళ్లని మార్కులు వేశారు. ఎక్కువసేపు బతికితే వాళ్లు చేసే పనులు కంటపడతాయి మరి. 2005 నాటి ‘ఫియర్’ ఇంకో మెట్టు ఎక్కింది. మోనోలిత్ సంస్థలో జెఫ్ ఆర్కిన్ అందులోని సైనికులకు వాడిన ప్రణాళికా పద్ధతికి మూలం 1970ల తొలినాళ్లలో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ రోబో కోసం రాసిన ‘స్ట్రిప్స్’ ప్రోగ్రామ్. అయితే ఆ సైనికుల్ని తెలివైనవాళ్లుగా నిలబెట్టింది వాళ్ల అరుపులు. ప్రోగ్రామ్ ముందు నిర్ణయం తీసుకుంటుంది, దానికి తగిన మాటను ఆ తర్వాత సైనికుడి నోట పలికిస్తుంది. ఒకరితో ఒకరు మాట్లాడుకుని వ్యూహం పన్నుతున్నారని ఆడేవాళ్లు హడలిపోయారు. కాండన్ ఆలస్యానికి అరవై అయిదేళ్ల తర్వాత వచ్చిన తమ్ముడిది.

ఇక గెలిచే యంత్రం సంగతి. ఐబీఎంలో ఆర్థర్ శామ్యూల్ చెకర్స్ ఆడే ప్రోగ్రామ్ రాసి, ఆడేకొద్దీ అది తనంతట తాను మెరుగయ్యేలా చేసి 1956లో టీవీలో చూపించాడు. యంత్రాలు అలా నేర్చుకోవడానికి ‘మెషీన్ లెర్నింగ్’ అన్న పేరు 1959 నాటి ఆయన వ్యాసంతోనే వాడుకలోకొచ్చింది. ఆ తర్వాత అందరి కళ్లూ చదరంగం మీద పడ్డాయి. ఈ కథ పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం మీదుగా నడిచింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, అంటే రాజ్ రెడ్డి, 1979 నుంచి అక్కడ రోబోటిక్స్ సంస్థకు తొలి డైరెక్టరు. ఆయన సొంత పని యంత్రాలకు మాట అర్థమయ్యేలా చేయడం. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న తొలి ఆసియా సంతతి వ్యక్తి కూడా ఆయనే. అదే విశ్వవిద్యాలయంలో 1980లలో ఫెంగ్ షుంగ్ షు అనే తైవాన్ విద్యార్థి, సహచరులతో కలిసి ‘డీప్ థాట్’ యంత్రాన్ని కట్టాడు. 1988లో అది గ్రాండ్‌మాస్టర్ బెంట్ లార్సెన్‌ను ఓడించింది. మరుసటేడు షు ఐబీఎంలో చేరాడు, డీప్ థాట్ పెరిగి ‘డీప్ బ్లూ’ అయింది.

1997 మే నెలలో న్యూయార్క్‌లో డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల స్థితుల్ని పరిశీలిస్తూ ప్రపంచ చాంపియన్ గ్యారీ కాస్పరోవ్‌ను 3.5-2.5 తేడాతో ఓడించింది. రెండో ఆటలో యంత్రం వేసిన ఎత్తుల్లో కాస్పరోవ్‌కు మనిషి చెయ్యి కనిపించింది. బెంబేలెత్తి, డ్రా చేసుకోగలిగిన స్థితిలోనే ఓటమి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత యంత్రం లెక్కల చిట్టాలు చూపించమని పట్టుబట్టాడు. ఐబీఎం వాటిని తర్వాత బయటపెట్టింది గానీ ఇంకో పోటీకి ఒప్పుకోలేదు, యంత్రాన్ని విప్పేసింది. మాట ఎంత నాజూకుగా అన్నా కాస్పరోవ్ ఫిర్యాదుకు, నెట్ సెంటర్ కుర్రాడి ఫిర్యాదుకు పెద్ద తేడా లేదు. ఒక్కటే తేడా, కుర్రాడి అనుమానం ఎక్కువసార్లు నిజం.

డీప్ బ్లూకు చదరంగం తప్ప ఇంకేదీ రాదు. ఏ ఆటైనా తనంతట తాను నేర్చుకునే యంత్రం కావాలన్నవాళ్లకు వీడియో గేములే అభ్యాస మైదానం అయ్యాయి. ఆ మైదానాన్ని ఎంచుకున్న మనిషి గేముల్లోంచే వచ్చాడు. డెమిస్ హసాబిస్ పదిహేడేళ్ల వయసులో గేముల రూపకర్త పీటర్ మొలినో దగ్గర ‘థీమ్ పార్క్’ అనే ఆట రాశాడు, అది 1994లో వచ్చింది. 2010లో మరో ఇద్దరితో కలిసి డీప్‌మైండ్ పెట్టి, 1977 నాటి అటారీ 2600 కన్సోల్ ఆటల్ని తన ప్రోగ్రామ్‌కు పాఠాలుగా ఇచ్చాడు. ఆ కన్సోల్ మెమరీ మొత్తం 128 బైట్లు. ఈ పేరాలో సగం కూడా అందులో పట్టదు. ప్రోగ్రామ్‌కు ఆట నియమాలు చెప్పలేదు, తెరమీద చుక్కలు, స్కోరు మాత్రమే చూపించారు. ఇటుకలు పగలగొట్టే ‘బ్రేకౌట్’లో అది కొన్ని వందల ఆటల తర్వాత, గోడకు పక్కనుంచి బొక్క పెట్టి బంతిని వెనక్కి పంపితే ఇటుకలు వాటంతటవే రాలతాయని కనిపెట్టింది. 2015లో ‘నేచర్’లో 49 ఆటల ఫలితాలు అచ్చయ్యాయి. అదే జాబితాలో ‘మాంటెజుమాస్ రివెంజ్’ పక్కన ఉన్న స్కోరు సున్నా. నిచ్చెన దిగి, పుర్రెను దాటి, తాళంచెవి అందుకుంటే గానీ అందులో మొదటి పాయింటు రాదు. అంత ఓపిక పట్టాలని దానికి చెప్పినవాళ్లు లేరు. ఆ మరుసటేడు సోల్‌లో డీప్‌మైండ్ వాళ్ల ఆల్ఫాగో, గో ఆటలో మేటి ఆటగాడు లీ సెడాల్‌ను 4-1తో ఓడించింది. 2019లో లీ ఆట నుంచే తప్పుకున్నాడు.

రెండు దారులూ కలిసినచోట ఏమవుతుందో ఒక కార్ల ఆట చూపించింది. సోనీ పరిశోధకులు ‘గ్రాన్ టురిస్మో’ కోసం వెయ్యికి పైగా ప్లేస్టేషన్ 4 కన్సోళ్లను జతచేసి ‘సోఫీ’ అనే డ్రైవరును తయారుచేశారు. 2021 జులైలో ఒంటరిగా పరుగెత్తితే సోఫీదే రికార్డు, జట్టు పోటీలో మాత్రం మనుషులే గెలిచారు. అక్టోబరు నాటికి అక్కడా గెలిచింది. వేగం నేర్పడం పెద్ద పని కాలేదు, మర్యాద నేర్పడం అయింది. పక్క కారును గుద్దితే ఎంత శిక్ష వేయాలి? ఎక్కువ వేస్తే భయపడి దారి వదిలేస్తుంది, తక్కువ వేస్తే రౌడీలా మీదికొస్తుంది. 2023లో మామూలు ఆటగాళ్ల ముందుకు తెచ్చేటప్పుడు దానికి రకరకాల స్థాయిలు పెట్టాల్సి వచ్చింది. ఛాంపియన్లను ఓడించిన యంత్రం చివరికి ఓడటం నేర్చుకుంది.

ఈ చరిత్రలో డబ్బు పాత్ర కూడా చెప్పుకోవాలి. 1993లో మొదలైన ఎన్విడియా, సెగా కొత్త కన్సోల్‌కు గ్రాఫిక్స్ చిప్ చేసిపెడతానని ఒప్పుకుంది. తాను ఎంచుకున్న పద్ధతే తప్పని మధ్యలో తెలుసుకుంది. కంపెనీ అధిపతి జెన్సన్ హువాంగ్ ఆ సంగతి సెగాకు చెప్పేసి, పని పూర్తిచేయలేనని, అయినా డబ్బు ఇవ్వకపోతే కంపెనీ మూతపడుతుందని బతిమాలాడు. సెగాలో షోయిచిరో ఇరిమజిరి ఒప్పుకుని 50 లక్షల డాలర్లు ఇప్పించాడు. ఆ డబ్బుతో నిలదొక్కుకున్న కంపెనీ గేములాడేవాళ్లకు కార్డులు అమ్ముతూ పెరిగింది. 2012లో టొరంటో విశ్వవిద్యాలయ విద్యార్థి అలెక్స్ క్రిజెవ్‌స్కీ, అంగట్లో గేమర్లు కొనే ఎన్విడియా జీటీఎక్స్ 580 కార్డులు రెండు పెట్టుకుని అయిదారు రోజులు నడిపిన ‘అలెక్స్‌నెట్’, బొమ్మల్ని గుర్తుపట్టే పోటీలో తప్పుల్ని 26 శాతం నుంచి 15 శాతానికి దించింది. ఇప్పటి కృత్రిమ మేధ ఉప్పెన అక్కడ మొదలైంది. పిల్లలు ఆటలాడుకోవడానికి తల్లిదండ్రులు పెట్టిన ఖర్చుతో తయారైన యంత్రాలివి.

2022 జనవరితో ముగిసిన ఏడాదిలో ఎన్విడియాకు గేమింగ్ మీద సుమారు 1,246 కోట్ల డాలర్లు వచ్చాయి, డేటా సెంటర్ల మీద వచ్చింది అంతకంటే తక్కువ. మూడేళ్లు తిరిగేసరికి డేటా సెంటర్ల ఆదాయం 11,500 కోట్ల డాలర్లు దాటింది. గేమింగ్ ఉన్నచోటే ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ 2019లో ఓపెన్‌ఏఐలో వంద కోట్ల డాలర్లు పెట్టింది, 2023 అక్టోబరులో దాదాపు 6,900 కోట్ల డాలర్లకు యాక్టివిజన్ బ్లిజర్డ్‌ను కొంది. మూడు నెలలకే గేమింగ్ విభాగంలో 1,900 మందిని ఇంటికి పంపింది.

గేముల్లో పాత్రలకు గొంతిచ్చే అమెరికా కళాకారులు కృత్రిమ మేధ నుంచి రక్షణ కావాలంటూ 2024 జులైలో సమ్మెకు దిగి దాదాపు ఏడాది చేశారు. ఆ సమ్మె ముగియకముందే, 2025 మే నెలలో ‘ఫోర్ట్‌నైట్’లో ‘స్టార్ వార్స్’ విలన్ డార్త్ వేడర్ పాత్రను కృత్రిమ మేధతో ఆడేవాళ్లతో సొంతంగా మాట్లాడేలా చేశారు. గొంతు అంతకు ముందేడు చనిపోయిన నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది, కుటుంబం అనుమతి ఉంది. విడుదలైన కొన్ని గంటల్లోనే ఆటగాళ్లు దానిచేత బూతులు పలికించారు, కంపెనీ పరుగున వచ్చి సరిదిద్దింది. ప్యాక్‌మ్యాన్ నారింజ దయ్యానికి మాట రాకపోయినా అదెవరో, ఎలాంటిదో ఆడినవాళ్లకు తెలుసు. ఈ మాటకారి పాత్ర గురించి ఆ మాట ఇంకా అనలేం.

ఇప్పుడు కృత్రిమ మేధ కేంద్రాలకు మెమరీ చిప్పులు చాలడం లేదు. మైక్రాన్ సంస్థ దాదాపు ముప్పై ఏళ్లుగా ‘క్రూషియల్’ పేరుతో సొంతంగా కంప్యూటర్ కట్టుకునేవాళ్లకు, గేమర్లకు ర్యామ్ అమ్ముతూ వచ్చింది. ఆ వ్యాపారం మానేసి డేటా సెంటర్ల మీదే దృష్టి పెడతామని 2025 డిసెంబరులో ప్రకటించింది.